బెజవాడ ఎండలో అంబాసిడర్: ఇత్తడి పాతదే ఉండాలి, రబ్బరు కొత్తదవ్వాలి

పాత కారు ఉన్నవాళ్లకి బెజవాడలో ఇంజన్ గురించి కంటే నీళ్ల గురించే దిగులెక్కువ. మాది 1974 అంబాసిడర్, మార్క్ టూ, పెట్రోలు బండి. నాన్న కొన్నారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. పటమట నుంచి కాలేజీకి వెళ్తూ బెంజి సర్కిల్ దగ్గర ఆగానంటే పక్కన బైకు మీదున్నవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. "మైలేజీ ఎంతిస్తుంది మేడం?", "ఎండల్లో హీటెక్కదా?" మొదటిదానికి నవ్వి ఊరుకుంటాను. రెండోదానికి జవాబు పచ్చ లైటు వెలిగేలోపు అయ్యేది కాదు.

ఇప్పుడైతే హీటెక్కదు. అలాగని ఖరీదైన పార్టులేవీ వేయించలేదు. ఇత్తడివీ పోత ఇనుమువీ పాతవే ఉంచి బాగు చేయించాను. రబ్బరు మాత్రం ఒక్క ముక్క కూడా ఉంచకుండా పీకేసి కొత్తది వేయించాను. చాలామంది సరిగ్గా దీనికి తిరగేసి చేస్తారు. బంగారం లాంటి పాత రేడియేటర్‌ని తూకానికి అమ్మేసి, ఎప్పటిదో సీలు తీయని హోస్ పైపు దొరికితే మాత్రం కళ్లకద్దుకుని కొంటారు.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను కాబట్టి కాస్త లెక్క చెప్పనివ్వండి. రేడియేటర్ ఎంత వేడిని బయటికి నెడుతుందన్నది లోపలి నీళ్లకీ బయటి గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడి ఉంటుంది. నీళ్లు 95 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. జనవరిలో పొద్దున గాలి 25 ఉంటే తేడా 70. రోహిణి కార్తెలో మధ్యాహ్నం గాలి 45 ఉంటే తేడా 50కి పడిపోతుంది. అంటే రేడియేటర్ అదే, ఫ్యాన్ అదే, కానీ ఎండాకాలంలో అది చేయగలిగే పని చలికాలంలో చేసే దానిలో ముప్పావు వంతు కూడా ఉండదు. రోళ్లు పగిలే ఆ ఎండలో కారు సిగ్నల్ దగ్గర ఆగితే ఎదురుగాలి కూడా ఉండదు. ఇక కోర్‌లో (రేడియేటర్ మధ్యనున్న గొట్టాల జాలీలో) కొన్ని గొట్టాలు పూడిపోయి ఉన్నాయంటే చెప్పక్కర్లేదు.

ఈ బండి పుట్టుక చూస్తే అసలు ఇక్కడి ఎండకి తట్టుకోవడమే గొప్ప. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే ఇక్కడ అంబాసిడర్ అయింది. దానికున్న 1489 సీసీ ఇంజన్‌ని బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్ అంటారు. బెంగాల్లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు అంబాసిడర్‌ని 2014 దాకా చేస్తూనే ఉన్నారు కాబట్టి పార్టులకి కరువేముందిలే అనుకుంటారు. కరువు లేదు నిజమే, కానీ చివరి రోజుల బళ్లలో ఎక్కువ భాగం డీజిల్‌వీ ఇసుజు ఇంజన్లవీ. ఆటోనగర్లో పార్టుల షాపులో "అంబాసిడర్ వాటర్ పంపు" అనగానే కౌంటర్ దగ్గర కుర్రాడు అడిగే మొదటి మాట "డీజిలేగా మేడం?" కాదంటే, "పర్లేదు, పడుతుంది" అంటాడు. ఆటోనగర్లో పడని పార్టు అంటూ లేదు.

పడుతుందో లేదో చూడటానికి నేను బ్యాగులో వెర్నియర్ కాలిపర్స్ పెట్టుకెళ్తాను. మొదట్లో నవ్వేవాళ్లు. ఆ కుర్రాడు ఇచ్చిన కొత్త పంపునీ, సంచిలో నేను తెచ్చిన పాత పంపునీ కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి కొలిస్తే, పుల్లీ కూర్చునే హబ్ కొత్తదానికి నాలుగు మిల్లీమీటర్లు ముందుకి ఉంది. అంటే ఫ్యాన్ రెక్కలు రేడియేటర్‌కి అంత దగ్గరగా వస్తాయి, బెల్టు పక్కకి లాగుతుంది. వెనక ఇంపెల్లర్, అంటే నీళ్లని నెట్టే రెక్కల చక్రం చూస్తే రేకు కొట్టి చేసింది. పాతదానికి పోత ఇనుముది, రెక్కలు మందంగా ఉన్నాయి. ఈ పంపులో ఇంపెల్లర్‌కీ బాడీకీ మధ్య సందు అర మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు ఉండాలి. అంతకన్నా ఎక్కువుంటే ఇంపెల్లర్ తిరుగుతుంది గానీ నీళ్లు నెట్టదు. ఆ కొత్తదానికి ఆ సందులో చిన్న వాచరు పడుతుంది. తిరిగి ఇచ్చేశాను.

పాత పంపుకి వచ్చిన రోగం చిన్నదే. అడుగున ఒక కన్నం ఉంటుంది, దాన్లోంచి చుక్కచుక్కగా నీళ్లు కారుతున్నాయి. లోపల కార్బన్ సీలు అరిగితే ఆ నీళ్లు బేరింగులోకి పోకుండా బయటికి వచ్చేయాలని పెట్టిన కన్నం అది. కొందరు దానికి ఎంసీల్ పెట్టి మూసేస్తారు. కారడం ఆగుతుంది, కొన్నాళ్లకి బేరింగు అరుస్తుంది, ఆ తర్వాత ఫ్యాను ఊడి రేడియేటర్‌లోకి దూరుతుంది. మేము సీలూ బేరింగూ కొత్తవి తెచ్చి, లేత్ మిషన్ దగ్గర షాఫ్టు చూపించి, ఇంపెల్లర్ ప్రెస్ చేయించాం. లేత్ ఆయన ఫీలర్ గేజి పెట్టి సందు చూసుకుంటూ కొంచెం కొంచెంగా నొక్కాడు. ఆ పని చూస్తూ నిలబడటానికి మా పిల్లల్ని లేబ్ పీరియడ్‌లో తీసుకురావాలనిపించింది.

అంతకుముందే ఇంజన్ బ్లాకు సంగతి తేలింది. రేడియేటర్ విప్పే ముందు నీళ్లు వదిలేద్దామని మా మెకానిక్ బ్లాకు వెనక వైపున్న ఇత్తడి ట్యాపు తిప్పాడు. చుక్క రాలేదు. ట్యాపు మొత్తం విప్పేశాడు. అప్పుడూ రాలేదు, కన్నం నిండా గోధుమరంగు మట్టి గట్టిపడి ఉంది. సైకిల్ చక్రం పుల్ల ఒకటి వంచి లోపల పొడిచాడు. ముందు పెచ్చులు రాలాయి. తర్వాత ఒక్కసారిగా తుప్పు నీళ్లు ఆయన మోచేతి దాకా చిమ్మాయి. ఈ ఇంజన్లో పంపు ముందు వైపు ఉంటుంది కాబట్టి చెత్తంతా వెనక నాలుగో సిలిండర్ దగ్గర అడుగున చేరుతుంది. అక్కడ మట్టి పేరుకుపోతే ఆ సిలిండర్ చుట్టూ నీళ్లు తిరగవు. ముందు ఎంత కొత్త రేడియేటర్ పెట్టినా వెనక మాత్రం కాలుతూనే ఉంటుంది. పుల్లతో పొడవడం, పైపుతో నీళ్లు కొట్టడం, మళ్లీ పొడవడం, ఒక పూటంతా అదే పని. చివరికి నీళ్లు తెల్లగా వచ్చాక గానీ ట్యాపు బిగించనివ్వలేదు.

బ్లాకు పక్కన కన్నాలని మూసే గుండ్రటి బిళ్లలు, కోర్ ప్లగ్గులు కూడా ఉంటాయి. తుప్పుకి అవి పల్చబడి, ఏదో ఒక రోజు సూదిబెజ్జం పడుతుంది. ఇవి మాత్రం కొత్తవి వేయించాను. ఇనుపవి కాకుండా ఇత్తడివి.

రేడియేటర్ బాబాయ్ షాపు ఆటోనగర్ లోపలి రోడ్డులో. వయసు డెబ్బైకి దగ్గర పడుతుంది. "అల్యూమినియంది వేసుకోమన్నారు బాబాయ్, తేలిగ్గా ఉంటుందంట" అన్నాను ఆయనేమంటాడో చూద్దామని. రేడియేటర్ పై ట్యాంకు మీద గోటితో కొట్టి చూపించాడు. "ఈ ఇత్తడి మందం ఇప్పుడెక్కడొస్తుందమ్మా? అల్యూమినియంది కారిందంటే పారేయాల్సిందే. దీన్ని మీ మనవడు కూడా మాటు వేయించుకోవచ్చు." పనైతే ఆయన అప్పుడే మొదలుపెట్టేశాడు.

గ్యాసు మంట పెట్టి ట్యాంకు చుట్టూ ఉన్న తగరం కరిగించి, కాటన్ వేస్టుతో ఒక్క తుడుపు తుడిచి, ట్యాంకు పైకి లేపాడు. లోపల గొట్టాల నోళ్లు వరసగా కనిపించాయి. సగానికి పైగా నోళ్ల మీద తెల్లటి సున్నం. "బోరు నీళ్లేనా పోసింది?" అన్నాడు నా వైపు చూడకుండానే. నాన్న రోజుల్లో డ్రైవరు ఏ కుళాయి దొరికితే ఆ కుళాయి నీళ్లే పోసేవాడు. పల్చటి ఉక్కు పట్టీ తీసుకుని ఒక్కో గొట్టంలోకి దూర్చి లాగాడు. పోనివాటి మీద చాక్‌పీసుతో గీత పెట్టాడు. గీతలన్నీ ఎక్కువగా ఒకే మూల, కింది పైపు నుంచి దూరంగా ఉన్న వైపు పడ్డాయి. నీళ్లు మెల్లగా పారే చోటే సున్నం కూర్చుంటుంది.

అప్పుడు కోర్ మార్చడమే మంచిదన్నాడు. అంటే ట్యాంకులు, పక్క చట్రాలు, మెడ, బ్రాకెట్లు అన్నీ పాతవే. మధ్యలో ఇత్తడి గొట్టాలూ రాగి రేకులూ ఉన్న జాలీ మాత్రం కొత్తది. గొట్టాలు నాలుగు వరుసలున్నది వేయించుకోమని చాలామంది సలహా ఇస్తారు. బాబాయ్ మూడు చాలన్నాడు, నాకూ అదే సబబనిపించింది. హైవే మీద ఎక్కువ వరుసలు పనికొస్తాయేమో గానీ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజన్ మెల్లగా తిరుగుతుంటే ఈ ఫ్యాను మందపాటి జాలీలోంచి గాలిని లాగలేదు. మన ఊళ్లో కార్లు మరిగేది హైవే మీద కాదు, రామవరప్పాడు రింగు దగ్గర. ధర ఎంతైందని అడక్కండి, రాగి రేటుని బట్టి వారం వారం మారుతుంది.

అతికాక రెండు పైపు నోళ్లకీ రబ్బరు బిరడాలు కొట్టి, గాలి గొట్టం తగిలించి, నల్లటి నీళ్ల తొట్టిలో ముంచాడు. ఓ మూల నుంచి సన్నగా బుడగలు లేచాయి. బయటికి తీసి, అక్కడ యాసిడ్ రాసి, తగరం చుక్క వేసి, మళ్లీ ముంచాడు. బుడగ లేదు. "అయిదు పౌండ్లే పెట్టాను, ఏడు పెడతాను చూడు" అని గాలి పెంచి ఇంకాసేపు ఉంచాడు.

ఆ ఏడు ఎందుకంటే, మా రేడియేటర్ మూత మీద ఏడు అని అంకె ఉంటుంది, అంటే చదరపు అంగుళానికి ఏడు పౌండ్ల ఒత్తిడి. ఈ మూత విషయంలో చాలామంది పొరబడతారు. మూత పెంచే ఒత్తిడిని బట్టి నీళ్లు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఏడు పౌండ్ల మూత ఉంటే మామూలు నీళ్లు దాదాపు 111 డిగ్రీల దాకా మరగవు. అలాగైతే కొత్త కార్ల మూత వేసేస్తే ఇంకా మంచిదేగా అంటారు. వాటి మీద 0.9 (బార్) అని ఉంటుంది, అంటే దాదాపు 13 పౌండ్లు. అంత ఒత్తిడికి మరిగే డిగ్రీ పెరుగుతుంది నిజమే, కానీ తగరంతో అతికిన పాత ట్యాంకు అంచులు ముందు విచ్చుకుంటాయి.

ఇంకో సంగతి దీనికంటే తరచుగా జరుగుతుంది, ఎవరికీ పట్టదు. పాత బ్రిటిష్ కార్ల రేడియేటర్ మెడ కొన్నిటికి లోతు ఎక్కువ, అంగుళం దాకా ఉంటుంది. తర్వాత వచ్చినవాటికి ముప్పావు అంగుళమే. లోతు మెడకి పొట్టి మూత పెడితే పైన చక్కగా బిగుసుకుంటుంది, తిప్పితే టక్కుమంటుంది, కానీ లోపలి రబ్బరు వాచరు అడుగుకి తగలదు. ఒత్తిడి నిలవదు. నీళ్లు పక్క గొట్టంలోంచి పోతూనే ఉంటాయి, మనమేమో హెడ్ గ్యాస్కెట్ పోయిందని ఇంజన్ విప్పించుకుంటాం. మూత కొనేముందు మెడ లోపలి లోతు స్కేలుతో కొలుచుకోండి. రెండు నిమిషాల పని.

థర్మోస్టాట్ గురించి మా మెకానిక్‌కీ నాకూ ఇప్పటికీ పడదు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే వాల్వు అది. ఈ ఎండలకి అదెందుకు, పీకి అవతల పారేయమంటాడు. ఆటోనగర్లో దాదాపు అందరిదీ ఇదే మాట, వాళ్ల భయం కూడా నిజమైనదే: మూసుకుని బిగుసుకుపోతే ఇంజన్ పోతుంది. కానీ అది లేకపోతే డిసెంబర్ పొద్దున పటమట నుంచి కాలేజీ దాకా ఇంజన్ వేడెక్కనే వేడెక్కదు. చోక్ లాగి నడపాలి, పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, ఆయిల్ మూత కింద తెల్లటి జిడ్డు చేరుతుంది. మా హెడ్‌లో అది కూర్చునే సీటు కొలిస్తే 54 మిల్లీమీటర్లు వచ్చింది. ఇంగ్లండు స్పోర్ట్స్ కారు ఎంజీబీది కూడా బీ సిరీస్ ఇంజనే, దాని కొలతా అదే. అంబాసిడర్ అని వెతికితే దొరకనిది ఎంజీబీ అని వెతికితే 74, 82, 88 డిగ్రీల దగ్గర తెరుచుకునే రకాలన్నీ వచ్చాయి. 82 తెప్పించాను.

బిగించేముందు ఇంట్లోనే పరీక్షించాను. వాల్వు సందులో దారం ఇరికించి, ఆ దారంతో థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్లలో వేలాడదీసి, పక్కన లేబ్ థర్మామీటర్ పెట్టి, స్టవ్ వెలిగించాను. లోపలి మైనం వ్యాకోచించి వాల్వు తెరుచుకోగానే దారం జారి థర్మోస్టాట్ గిన్నెలో పడుతుంది. 83 దగ్గర పడింది. పాతది 96 వచ్చినా పడలేదు. మా అమ్మ ఆ గిన్నెని మళ్లీ వంటకి వాడనివ్వలేదు, అది వేరే సంగతి.

ఇక రబ్బరు. గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దమ్మ కొడుకు దగ్గర ప్రీమియర్ పద్మిని ఉంది. అన్నయ్యకి ఎక్కడో కంపెనీ సీలు తీయని కవరులో అసలు సిసలు హోస్ పైపు దొరికింది. వేలు పెట్టి నొక్కితే గట్టిగా ఉంది, మెరుస్తోంది. వేశాక మంగళగిరి దాటకముందే నిలువునా చీలింది. అమ్మినవాడు మోసం చేశాడని నేననను, ఆ పైపు నిజంగా కంపెనీదే. కాకపోతే పద్మిని తయారీ ఆగిపోయే పాతికేళ్లు అవుతోంది. కవరులో ఉన్నా, అల్మారాలో ఉన్నా రబ్బరుకి గాలి తగులుతూనే ఉంటుంది. అది లోపల్లోపలే ఎండి పెళుసవుతుంది. హోస్ పైపు, బెల్టు, మూతలోని వాచరు, ఈ మూడింటికీ పాత స్టాకు అన్న మాట వినగానే దండం పెట్టి వచ్చేయండి. పైపుకి లోపలి వ్యాసం, వంపు, పొడుగు సరిపోతే ఏ కారుదైనా ఒకటే. మాకు పై పైపు ఓ ట్రాక్టర్ పైపు ముక్క కోస్తే సరిగ్గా కుదిరింది. కింది పైపులో పాత స్ప్రింగు ఉంటే దాన్ని మాత్రం పారేయకండి. పంపు నీళ్లు లాగేటప్పుడు ఆ పైపు నొక్కుకుపోకుండా కాపాడేది అదే.

నీళ్ల సంగతి చెప్పి ఆపుతాను. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు, దానికి మూడో వంతు దాకా పచ్చరంగు పాతరకం గ్లైకాల్ కూలెంటు. ఎక్కువ కలిపితే ఇంకా చల్లగా ఉంటుందనుకుంటారు. నిజానికి వేడి మోయడంలో నీళ్లదే పైచేయి. కూలెంటు మనకి కావలసింది తుప్పు పట్టకుండా ఉండటానికి. కొత్తగా వచ్చే ఎక్కువ కాలం నడిచే రకాలు పాత తగరం అతుకులకి అంత మంచివి కావంటారు, అందుకే వాటి జోలికి పోను. లీకైతే పసుపు వేయమని లారీ డ్రైవర్లు చెప్తారు. అది పని చేస్తుంది కూడా. దుగ్గిరాల పక్కనే ఉన్న మనకి పసుపుకి కొదవేముంది! కానీ అది చిల్లునీ గొట్టాన్నీ వేరు చేసి చూడదు, రెండింటినీ పూడుస్తుంది. అడవిలో ఆగిపోతే వేసుకోండి, ఊళ్లోకి రాగానే కడిగించేయండి.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించుకోమని చెప్పేవాళ్లకి ఒక్క మాట. మా బండికి ఆల్టర్నేటర్ లేదు, డైనమో ఉంది. బండి పరిగెడుతున్నప్పుడు ఇరవై చిల్లర ఆంపియర్లు ఇస్తుంది గానీ ఆగినప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. ఫ్యాను ఎనిమిది, పది ఆంపియర్లు లాగుతుంది, అదీ సరిగ్గా బండి ఆగి ఉన్నప్పుడే. రాత్రి లైట్లు కూడా వేసుకుంటే బ్యాటరీ ఇంటికొచ్చేసరికి ఖాళీ.

యాభై ఏళ్లు దాటిన బండి కాబట్టి 2021లో వచ్చిన కేంద్రం నిబంధనల ప్రకారం వీఏ అక్షరాలున్న వింటేజ్ నంబరు తీసుకోవచ్చని స్నేహితులు అంటుంటారు. ఫీజు 20 వేలు. తీసుకుంటే మాత్రం రోజువారీ తిప్పడానికి లేదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప బయటికి తీయకూడదు. తెనాలిలో పెళ్లికి కూడా దీన్లోనే వెళ్లేదాన్ని నేను, నాకెందుకది?

పనంతా అయ్యాక వేడి కొలుద్దామంటే మెకానిక్ ఇంట్లోంచి కరోనా టైములో కొన్న గన్ తెచ్చాడు. అది మనుషుల జ్వరం చూసేది, రేడియేటర్‌కి గురిపెడితే "హై" అని తప్ప ఏమీ చెప్పదు. ఫ్యాక్టరీల్లో వాడే రకం ఒకటి కొన్నాను. మే నెల మధ్యాహ్నం వారధి మీదుగా మంగళగిరి దాకా వెళ్లొచ్చి, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగాక చూస్తే పై ట్యాంకు 94, కింది పైపు 83. ఫ్యాన్ రెక్క ఒకటి కొంచెం వంగి ఉందని బాబాయ్ అప్పుడే చెప్పాడు. వచ్చే నెల దాన్ని విప్పించి బ్యాలెన్సింగ్ చేయించాలి.